పాత జీపుకు బ్రేకు బలం
(కొండ ప్రాంతపు పాల సంఘాల పాలకవర్గాలకు, కార్యదర్శులకు, సభ్యులకు)

సంఘం తనిఖీకి వెళ్ళినప్పుడు మేము మొదట అడిగేది నగదు పుస్తకం. తరువాత పాల సేకరణ రిజిస్టరు, వెన్నశాతం పరీక్ష పుస్తకం, సభ్యుల పాసు పుస్తకాలు, దాణా నిల్వ చూస్తాము. బండి లాగ్ బుక్కు చివరికి మిగిలిపోతుంది. అప్పటికి పొద్దు వాలుతుంది కనుక కిలోమీటర్లూ డీజిలూ సరిపోయాయా అని చూసి సంతకం పెట్టి లేచిపోతాము. చాలా ఏళ్ళు మేమూ అంతే చేశాము. ఆ అలవాటు మానుకోవలసి వచ్చిన కారణం ముందు చెప్పి, తరువాత విషయంలోకి వస్తాము.

ఒక వానాకాలం ఉదయం, కొండమీది ఒక సంఘం నుంచి పాల జీపులో డ్రైవరు పక్కన కూర్చుని దిగి వస్తున్నాము. వెనుక ఎనిమిది క్యాన్లు ఉన్నాయి. మూడో మలుపు దగ్గర డ్రైవరు బ్రేకు తొక్కితే పెడలు నేలకు తగిలింది. మళ్ళీ మళ్ళీ తొక్కినా లేవలేదు. బండి అప్పటికే రెండో గేరులో ఉండడం మా అదృష్టం. అతను చేతి బ్రేకు లాగుతూ, లోయ వైపు పోనీయకుండా బండిని కొండ వైపు కాలువలోకి దించి ఆపాడు. మనుషులకు దెబ్బలు తగలలేదు. నాలుగు క్యాన్ల పాలు రోడ్డు పాలయ్యాయి.

మెకానిక్ వచ్చి వెనుక ఎడమ చక్రం విప్పితే వీల్ సిలిండరు కారిపోయి ఉంది. డ్రమ్ము లోపలంతా బ్రేకు ఆయిలే. "ఇది నిన్న మొన్నటి కారుడు కాదండీ" అన్నాడు. కార్యదర్శిని అడిగితే తల వంచుకుని ఒక కాగితం తీసి చూపించారు. అది కిందటి సంవత్సరం మేము రాసిన తనిఖీ నివేదికే. బ్రేకు సామాను కొటేషన్లు లేకుండా, ముందుగా తీర్మానం లేకుండా నగదుతో కొన్నారని మేమే ఆక్షేపణ రాశాము. ఆ భయంతో ఆయన మిగిలిన చక్రాల పని వాయిదా వేశారు. అదే ఏడాది కొత్త టార్పాలిను, సీటు కవర్లు కొన్న ఖర్చుకు మూడేసి కొటేషన్లు ఉన్నాయి కనుక వాటిని మేము ఆమోదించాము.

నిబంధన ప్రకారం మేము రాసిన దానిలో తప్పు లేదు. కాని బండి ఎలా ఉందని మేము ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. ఆ లోటు తీర్చుకోవడానికే ఈ వ్యాసం.

నాలుగు చక్రాల బలం దేనికి?

మన కొండ దారులకు జీపు చాలాకాలంగా అలవాటైన బండి. మహీంద్రా వారు 1940ల చివరలో విల్లీస్ జీపులను మన దేశంలో బిగించడం మొదలుపెట్టారు. వాటి వంశానికి చెందిన బండ్లు పాడేరు, అనంతగిరి, మారేడుమిల్లి ఘాట్ల వంటి దారుల్లో ఎన్నో ఏళ్ళు తిరిగాయి. ఇప్పుడు చాలాచోట్ల బల్క్ కూలర్లు, చిన్న ట్యాంకర్లు, ఆటోలు వచ్చాయి. అయినా తారు రోడ్డు లేని చోట పాత జీపును పోషించుకుంటున్న సంఘాలు, సభ్యులు ఉన్నారు.

"మాది ఫోర్ వీల్ బండి, ఎక్కడికైనా పోతుంది" అని డ్రైవర్లు గర్వంగా చెబుతారు. అది నిజమే. ముందు చక్రాలకు కూడా ఇంజను బలం అందితే బండి బురదలోంచి బయటపడుతుంది, ఏటవాలు ఎక్కుతుంది. బ్రేకు తొక్కినప్పుడు మాత్రం ఆ ఏర్పాటు వల్ల అదనపు బలం రాదు. ఏ బండికైనా బ్రేకులు నాలుగు చక్రాలకూ ఉంటాయి. పైగా ఇతర బండ్లు పోలేని చోటికి పోగలదు కనుక, ఇతర బండ్లకు రాని దిగుడు ఈ బండికే వస్తుంది.

ఇంకో సంగతి బరువు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైన్యం ఈ జీపును "పావు టన్ను" బండిగా లెక్క కట్టింది. మన నలభై లీటర్ల క్యాను పాలే 41 కిలోలు తూగుతాయి. క్యాను బరువు కలిపితే సుమారు 50 కిలోలు. ఎనిమిది క్యాన్లంటే 400 కిలోలు. తరువాతి నమూనాలు ఇంతకన్న ఎక్కువ మోస్తాయి. మీ బండి ఎంత మోయవచ్చో రిజిస్ట్రేషను పత్రం చూసి, ఎన్ని క్యాన్లు ఎక్కించవచ్చో బండి మీదే పెద్ద అక్షరాలతో రాయించండి.

బ్రేకు చేసే పని

పెడలు తొక్కగానే మాస్టర్ సిలిండరులోని ఆయిలు గొట్టాల ద్వారా నాలుగు చక్రాల వీల్ సిలిండర్లకు ఒత్తిడిని చేరుస్తుంది. అవి రెండు షూలను బయటికి నెడతాయి. షూల మీది లైనింగు తిరుగుతున్న డ్రమ్మును రాచుకుని దాన్ని నిలుపుతుంది. బండి వేగమంతా ఆ రాపిడిలో వేడిగా మారుతుంది.

ఆ వేడి ఎంతో పాడి రైతుకు తెలిసే లెక్కలో చెబుతాము. పాలతో, మనుషులతో కలిపి 1,600 కిలోలున్న జీపు నిలువుగా 100 మీటర్ల ఎత్తు బ్రేకుల మీదే దిగితే, సుమారు అయిదు లీటర్ల పచ్చిపాలను పొంగు వచ్చేదాకా కాచేంత వేడి పుడుతుంది. ఘాటు 500 మీటర్లు దిగితే దానికి అయిదు రెట్లు. ఆ వేడంతా నాలుగు చిన్న డ్రమ్ములే భరించాలి. డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచించి షూకు దూరమవుతుంది. లైనింగు పట్టు తగ్గుతుంది. ఇంకా వేడెక్కితే వీల్ సిలిండరులో ఆయిలు మరిగి ఆవిరవుతుంది. ఆయిలు అణగదు, ఆవిరి అణుగుతుంది. అప్పుడు పెడలు నేలకు తగులుతుంది.

ఆగే దూరం కూడా గుర్తుంచుకోవాలి. డ్రైవరు చూసి తొక్కడానికి ఒక సెకను పడుతుందనుకుందాం. మంచి బ్రేకులున్న బండి పొడి రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్ల వేగంలో ఆగడానికి సుమారు 23 మీటర్లు కావాలి. బ్రేకు బలం సగమైతే అది 36 మీటర్లవుతుంది. మధ్యలో ఉన్న ఆ 13 మీటర్లలోనే మలుపూ ఉండవచ్చు, బడికి పోయే పిల్లలూ ఉండవచ్చు.

ముందు ఉన్నదాన్ని బాగుచేయండి

బ్రేకు బలపరచడమంటే కొత్త సామాను తెచ్చి బిగించడమని చాలామంది అనుకుంటారు. మేము చూసినంతవరకు ఉన్న బ్రేకును ఉండవలసినట్టు ఉంచితేనే ముప్పాతిక పని అయిపోతుంది. పెడలు తొక్కి చూస్తే జబ్బు చాలావరకు తెలుస్తుంది.

1. మొదటిసారి లోతుగా పోయి, రెండోసారి తొక్కితే పైన నిలిస్తే, లైనింగు అరిగి షూలు డ్రమ్ముకు దూరమయ్యాయన్నమాట. నాలుగు చక్రాలకూ అడ్జస్టుమెంటు చేయించాలి.

2. స్పాంజిలా మెత్తగా ఉంటే గొట్టాల్లో గాలి చేరింది. గాలి తీయించాలి.

3. తొక్కి పట్టుకుంటే మెల్లగా దిగిపోతుంటే ఎక్కడో కారుతోంది, లేదా మాస్టర్ సిలిండరులో రబ్బరు వాషర్లు పోయాయి. ఆ బండిని పని పూర్తయ్యేవరకు కదపవద్దు.

4. బండి ఒక పక్కకు లాగుతుంటే ఒక చక్రం షూ ఆయిలు తాగింది, లేదా ఒక వీల్ సిలిండరు పట్టేసింది.

5. పెడలు గట్టిగా ఉన్నా బండి ఆగకపోతే లైనింగు నునుపెక్కి మెరుస్తుండవచ్చు. బూస్టరు ఉన్న బండికి బూస్టరు పనిచేయకపోయినా ఇలాగే ఉంటుంది.

6. కొంతదూరం నడిపి ఆపాక చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడండి. ఒకటి మిగిలిన వాటికంటే బాగా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు వదలడం లేదు. డ్రమ్మును ముట్టుకోకండి, కాలుతుంది.

పాత జీపుల్లో ఒక చిక్కుంది. మాస్టర్ సిలిండరు డ్రైవరు కాళ్ళ కింద, నేల రేకు అడుగున ఉంటుంది. ఆయిలు మట్టం చూడాలంటే చాప తీసి మూత రేకు విప్పాలి. కంటికి కనబడదు కనుక ఎవరూ చూడరు. ఆ మూత చుట్టూ మట్టి తుడిచిన తరువాతే విప్పాలి, లేకపోతే మట్టి ఆయిల్లో పడుతుంది. పెడలుకు సుమారు అర అంగుళం ఖాళీ కదలిక ఉండాలి. అది లేకపోతే ఆయిలు వెనక్కి రాక బ్రేకులు పట్టేస్తాయి.

చక్రాలు విప్పించినప్పుడు లైనింగు రివెట్ల తలల దాకా వచ్చిందా, డ్రమ్ములో గాళ్ళు పడ్డాయా, వెనుక ఇరుసు ఆయిల్ సీలు కారుతోందా, హోసు పైపులు పగిలాయా చూడాలి. ఆయిలు తాగిన షూను పెట్రోలుతో కడిగి ఎండబెట్టి మళ్ళీ వేయడం మన షెడ్లలో ఉన్న అలవాటు. అది పనికిరాదు. వేడెక్కగానే లోపలి ఆయిలు మళ్ళీ పైకి వస్తుంది. ఒక పక్క షూలు మారిస్తే అదే ఇరుసుకు రెండో పక్కవీ మార్చాలి. డ్రమ్ము లేత్ పట్టిస్తే రెండు పక్కలా సమంగా పట్టించాలి. తయారీదారు చెప్పిన హద్దు దాటి పలచబడిన డ్రమ్ము పారేయవలసిందే.

డ్రమ్ములోని దుమ్మును నోటితో గాని, గాలి పంపుతో గాని ఊదవద్దు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రాణాంతకం. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను పారేయాలి.

బ్రేకు ఆయిలు సంగతి

బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తది కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పీల్చిన తరువాత ఆ హద్దు 140 డిగ్రీలకు దిగుతుంది. డాట్ 4 రకానికి అవి 230, 155 డిగ్రీలు. అంటే ఊరి దారిలో బాగానే పనిచేసిన పాత ఆయిలు ఘాటులో మోసం చేస్తుంది. అందుకే రెండేళ్ళకొకసారి మొత్తం తీసి కొత్తది పోయించాలి. మూత తీసి అటక మీద పెట్టిన డబ్బాలోది వాడవద్దు. ఇంజనాయిలు, కిరోసిను వంటివి ఒక్క చుక్క పడినా రబ్బరు వాషర్లు ఉబ్బి బ్రేకు మొత్తం పాడవుతుంది.

గాలి తీసేటప్పుడు మాస్టర్ సిలిండరుకు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి. ఒకరు పెడలు తొక్కి పట్టుకోగా, మరొకరు నిప్పిలు వదులు చేసి, ఆయిలు కారాక బిగించి, అప్పుడు పెడలు వదలమనాలి. మధ్యలో మాస్టర్ సిలిండరు ఖాళీ కాకుండా ఆయిలు పోస్తూ ఉండాలి.

తరువాత చేయదగిన మార్పులు

పైవన్నీ పూర్తయిన తరువాతే మార్పుల గురించి ఆలోచించాలి. మా దృష్టిలో వాటి వరుస ఇది.

మొదటిది రెండు గదుల మాస్టర్ సిలిండరు. పాత జీపులో నాలుగు చక్రాలకూ ఒకే ఆయిలు దారి. ఎక్కడ ఒక్క చోట కారినా నాలుగూ పోతాయి. మేము కాలువలో పడిన రోజు జరిగింది అదే. రెండు గదులది వేయిస్తే ముందు చక్రాలకు ఒక దారి, వెనుక చక్రాలకు ఒక దారి అవుతుంది. ఒకటి పోయినా రెండోది బండిని కొంతైనా ఆపుతుంది. ఖర్చు పెట్టే ప్రతి రూపాయికీ ఇంత మేలు చేసే మార్పు మరొకటి లేదు.

రెండోది పెద్ద డ్రమ్ములు. తొలినాటి జీపులకు 9 అంగుళాల డ్రమ్ములు ఉండేవి. అదే కుటుంబపు తరువాతి బండ్లకు 11 అంగుళాలవి వచ్చాయి. షూ అంతే బలంతో నొక్కినా పెద్ద డ్రమ్ము మీద పట్టు సుమారు అయిదో వంతు పెరుగుతుంది. ఇనుము ఎక్కువ కనుక వేడిని కూడా ఎక్కువ ఓర్చుకుంటుంది. షూలు, వెనుక పలక, వీల్ సిలిండర్లు అన్నీ ఒకే జతగా మార్చాలి.

మూడోది బూస్టరు. ఇది కాలి శ్రమ తగ్గిస్తుంది గాని, అరిగిన లైనింగుకు పట్టు తేలేదు. పెట్రోలు ఇంజను గాలి పీల్చే శక్తితో ఇది పనిచేస్తుంది. డీజిలు ఇంజనులో ఆ పీల్పు చాలదు, వేరే వ్యాక్యూమ్ పంపు ఉండాలి. ఇంజను ఆగిపోతే ఒకటి రెండు తొక్కుళ్ళ తరువాత సాయం ఉండదు. కనుక ఇంజను ఆపి దిగుడులో పోవడం మరీ ప్రమాదం.

నాలుగోది ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు. ఇవి త్వరగా చల్లబడతాయి, వాగు దాటాక త్వరగా ఆరతాయి. కాని డిస్కుకు ఎక్కువ ఒత్తిడి కావాలి కనుక బూస్టరు లేకుండా పెడలు బరువవుతుంది. డ్రమ్ముల కోసం చేసిన పాత మాస్టర్ సిలిండరు గొట్టాల్లో కొంత ఒత్తిడిని నిలిపి ఉంచుతుంది. దాన్నే ఉంచి డిస్కులు వేస్తే అవి ఎప్పుడూ రాచుకుంటూ వేడెక్కుతాయి.

ఏ మార్పు చేసినా ముందు బ్రేకుల బలం వెనుకవాటికి తగ్గకూడదు. ఆగేటప్పుడు బండి బరువు ముందుకు వాలుతుంది. వెనుక చక్రాలు ముందుగా బిగిసిపోతే బండి గిర్రున తిరుగుతుంది. బండికి ఎత్తు కోసం పెద్ద టైర్లు వేయించేవారు కూడా ఒకటి తెలుసుకోవాలి. టైరు వ్యాసం పెరిగినకొద్దీ ఉన్న బ్రేకు బలం తగ్గుతుంది.

చట్టం సంగతి మరువరాదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిలో మార్పులు చేయకూడదు. కనుక పెద్ద మార్పు ఏదైనా రవాణా కార్యాలయంలో, బీమా కంపెనీలో లిఖితపూర్వకంగా అడిగి తెలుసుకున్నాకే చేయించండి.

డ్రైవరు పాటించవలసినవి

ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలనే పాత మాట ఈనాటికీ మంచిదే. గేరును దిగుడు మొదలయ్యే ముందే వేయాలి. న్యూట్రలులో దిగితే మిగిలే డీజిలు కొన్ని చుక్కలు మాత్రమే. బురద దిగుడులో ముందు చక్రాలకు బలం కలిపి, లో గేరులో దిగవచ్చు. పొడి తారు రోడ్డు మీద మాత్రం ముందు చక్రాలను కలపరాదు. మలుపుల్లో ముందు వెనుక ఇరుసుల మధ్య బిగువు పెరిగి గేర్లు దెబ్బతింటాయి.

వాగు దాటాక డ్రమ్ములు తడిసి బ్రేకు పట్టదు. కొంతదూరం మెల్లగా నడుపుతూ పెడలును తేలికగా అద్దుతుంటే ఆరతాయి. బురద నీళ్ళలో తరచు తిరిగే బండికి డ్రమ్ములు నెలకొకసారి విప్పి శుభ్రం చేయించాలి.

చాలా పాత జీపుల చేతి బ్రేకు చక్రాలకు ఉండదు. గేరుపెట్టె వెనుక, వెనుక చక్రాలకు పోయే షాఫ్టు మీద ఉంటుంది. అందుచేత వెనుక ఒక చక్రాన్ని జాకీ మీద లేపితే చేతి బ్రేకు బండిని నిలపదు. టైరు మార్చేటప్పుడు మిగిలిన చక్రాలకు తప్పక రాళ్ళు పెట్టాలి.

సంఘం చేయవలసింది

సంవత్సరారంభంలోనే పాలకవర్గం బండి మరమ్మతుల పద్దులో బ్రేకులకు విడిగా కొంత మొత్తం కేటాయించి తీర్మానం రాయాలి. అత్యవసరంగా నగదుతో కొనడానికి కార్యదర్శికి ఎంత పరిమితి ఉందో ఆ తీర్మానంలోనే చెప్పాలి. వీల్ సిలిండరు కిట్లు, ఒక హోసు పైపు, మూత తీయని ఆయిలు డబ్బా ఒకటి స్టాకు రిజిస్టరులో రాసి నిల్వ ఉంచాలి. లాగ్ బుక్కులో కిలోమీటర్ల పక్కన ఇంకో గడి గీయించండి. ప్రతి ఉదయం డ్రైవరు పెడలు తొక్కి చూసి, చక్రాల లోపలి వైపు తడి ఉందేమో చూసి అందులో సంతకం పెట్టాలి. బ్రేకు బాగాలేదని రాసిన రోజు బండి కదలకూడదు. ఆ పూట పాలు ఆటోలో పంపినందుకు అయిన ఖర్చును డ్రైవరు మీద గాని, కార్యదర్శి మీద గాని మోపరాదు.

సభ్యులకు కూడా ఒక మనవి. మహాజన సభలో బండి ఖర్చు ఎందుకు పెరిగిందని మీరు అడుగుతారు. అడగవలసిందే. దానితో పాటు, బ్రేకులు చివరిసారి ఎప్పుడు విప్పి చూశారని కూడా అడగండి. ఆ బండి మీ పాలనే కాదు, మీ ఊరి మనిషిని కూడా మోస్తోంది. చాలాసార్లు ఆసుపత్రికి పోయే బాలింతలు కూడా అందులోనే దిగుతారు.

ఆ సంఘానికి మేము తరువాత వెళ్ళినప్పుడు కార్యదర్శి బ్రేకు సామాను ఓచర్లు ముందే తీసి బల్ల మీద పెట్టారు. తీర్మానం నంబరు వేసి ఉంది. పాత వీల్ సిలిండర్లను కూడా ఒక గోనె సంచిలో ఉంచి చూపించారు. వాటిని సరిచూసి సంతకం పెట్టి, ముందటి మా ఆక్షేపణను ఆ రోజే తొలగించాము. ఇప్పుడు ఏ సంఘానికి వెళ్ళినా ముందు బండి దగ్గరకే పోయి పెడలు తొక్కి చూసి, ఆ తరువాతే నగదు పుస్తకం తెరుస్తున్నాము.